రెండు సంస్థలు ఒకటైన పిమ్మట

వార్తాపత్రికల వాణిజ్య పుటలు తిరగవేయు విద్యార్థులకు విలీనము, స్వాధీనము అను రెండు మాటలు తరచుగా కనిపించుచుండును. ఒక కంపెనీ మరియొక కంపెనీని ఇన్ని వేల కోట్లకు కొన్నదని పెద్ద అక్షరములలో అచ్చగును. ప్రక్కనే ఉభయ పక్షముల అధిపతులు చేతులు కలిపి నవ్వుచున్న ఛాయాచిత్రము ఉండును. మూడు నాలుగేండ్ల పిమ్మట ఆ కొనుగోలు ఏమైనదో తెలుపు వార్త మాత్రము ఏ మూలనో చిన్నదిగా పడును, లేదా పడనే పడదు. మా దృష్టిలో అసలు కథ ఆ చిన్న వార్తలోనే ఉన్నది. పెండ్లి పందిరి వైభవము చూచి కాపురము ఎట్లుండునో చెప్పలేము గదా.

ఈ విషయము వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు పరీక్షలో పది మార్కుల ప్రశ్న మాత్రమే కాదు. మన కళాశాలల నుండి బయటకు వెళ్ళు పట్టభద్రులలో పెక్కుమంది బ్యాంకులలోనో సాఫ్ట్‌వేర్ సంస్థలలోనో చేరుచున్నారు. నియామక పత్రము ఒక పేరుతో వచ్చి, ఉద్యోగ విరమణ మరియొక పేరుతో జరుగుట మన ప్రాంతమున ఇప్పుడు వింత కాదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదులో చేరినవారు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ఉద్యోగులుగాను, ఆంధ్రా బ్యాంకులో చేరినవారు యూనియన్ బ్యాంకు ఉద్యోగులుగాను పదవీ విరమణ చేయుచున్నారు. సత్యంలో చేరినవారి సంగతి చెప్పనక్కరలేదు. కనుక రెండు సంస్థలు ఒకటైన పిమ్మట వాటి వనరులను ఎట్లు కలిపెదరు, ఆ కలయిక వలన పని మెరుగుపడునా, చెడునా అను ప్రశ్న మన ఇండ్లకు సంబంధించిన ప్రశ్నయే.

ముందుగా వనరు అనగా ఏమో చూతము. భవనములు, యంత్రములు, బ్యాంకులోని సొమ్ము వనరులని అందరికీ తెలియును. ఉద్యోగుల నేర్పు, ఖాతాదారుల నమ్మకము, సంస్థకు గల పేరు, పని జరుపు పద్ధతి కూడ వనరులే. ఆస్తి అప్పుల పట్టికలో ఇవి చాలవరకు కనిపించవు. 1959లో ఎడిత్ పెన్‌రోజ్ అను ఆర్థికవేత్త సంస్థల ఎదుగుదలపై ఒక ప్రసిద్ధ గ్రంథము వ్రాసినారు. సంస్థ అనునది వనరుల సముదాయమని, వనరు తనంతట తాను ఉత్పత్తికి తోడ్పడదని, దాని నుండి మనము పొందు సేవయే తోడ్పడునని ఆమె వాదము. ఒకే వనరు ఒక చోట ఒక విధమైన సేవను, వేరొక చోట వేరొక విధమైన సేవను ఈయవచ్చును. ఈ చిన్న భేదమును మరచిన కొనుగోలుదారులు పెక్కుమంది నష్టపోయినారు. వారు వనరును కొన్నారు గాని సేవ వెనుకనే నిలిచిపోయినది. నిపుణుడు రాజీనామా చేసి వెళ్ళినచో మిగులునది అతడు కూర్చున్న కుర్చీ మాత్రమే.

కొనుగోలు చేసిన సంస్థ సాధారణముగా ఆశించునది రెండు విధముల లాభము. రెండేసి ఉన్నచోట ఒకటి తీసివేసి ఖర్చు తగ్గించుకొనుట మొదటిది. ఒకే వీధిలో రెండు శాఖలుండనేల, రెండు లెక్కల విభాగములు ఏల అను వాదము ఇక్కడిది. ఒకరి వద్ద ఉన్న నేర్పును రెండవవారి వద్దకు చేర్చి, అంతకు ముందు ఇద్దరూ విడివిడిగా అమ్మలేని దానిని అమ్ముట రెండవది. మొదటి లాభము కాగితముపై సులభముగా లెక్కకు వచ్చును, అందుచేత కొనుగోలు నాడు దానినే గట్టిగా చెప్పుదురు. రెండవది రావడము ఆలస్యము, చూపడము కష్టము.

ఈ విషయముపై ఫ్రాన్సులోని ఇన్సియాడ్ విద్యాసంస్థకు చెందిన లారెన్స్ కాప్రన్ జరిపిన పరిశోధన మేము చదివినవాటిలో మిక్కిలి ఉపయోగకరమైనది. ఒకే రంగములోని సంస్థలు ఒకదానినొకటి కొన్న 253 సందర్భములను పరిశీలించి ఆమె 1999లో ఫలితములు ప్రకటించినారు. ఆస్తులను తగ్గించుకొనుట, వనరులను ఒక చోటి నుండి మరియొక చోటికి మార్చుట రెండును సంస్థ పనితీరును మెరుగుపరుపగలవు. అయితే అట్లు తగ్గించినవి, మార్చినవి కొనబడిన సంస్థకు చెందినవైనప్పుడు పనితీరు దెబ్బతిను ప్రమాదము గట్టిగా ఉన్నదని ఆమె తేల్చినారు. ఇది ఆలోచింపదగిన మాట. గెలిచినవాడు కత్తెర పట్టుకొన్నప్పుడు మొదట తెగునది ఓడినవాని బట్టయే. ఏ బట్ట అవసరమో ఏది అనవసరమో అతనికి తెలియుట కష్టము, ఏలయన ఆ ఇంట అతడు ఎన్నడును నివసించలేదు.

ఇక మన హైదరాబాదు ఉదాహరణకు వత్తము.

1987లో ఇక్కడ స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ సంస్థ కథ తెలియనివారు లేరు. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు లెక్కలు అబద్ధములని ఒప్పుకొనుచు లేఖ వ్రాసినారు. పుస్తకములలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆ లేఖలో ఉన్నది. అప్పటికి సంస్థలో సుమారు యాభై వేలమంది పని చేయుచుండిరి. కేంద్ర ప్రభుత్వము పాత డైరెక్టర్ల బోర్డును తొలగించి, కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ మొదలగువారితో క్రొత్త బోర్డు నియమించి, సంస్థను అమ్మకమునకు పెట్టినది. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా ఒక్కొక్క వాటాకు 58 రూపాయలు పాడి గెలిచినది. లార్సెన్ అండ్ టూబ్రో పాడినది 45 రూపాయల 90 పైసలు. మొదట 31 శాతము వాటాకు 1,757 కోట్లు చెల్లించినారు.

ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. నమ్మదగిన లెక్కలు లేని సంస్థను ఎవరైన ఏమి చూచి కొందురు? ఆస్తి అప్పుల పట్టిక పనికిరానిదైపోయినది. మిగిలినవి ఇంజనీర్లు, వారి పనితో తృప్తిపడిన విదేశీ ఖాతాదారులు, హైదరాబాదు నగరములోను శివార్లలోని బహదూర్‌పల్లిలోను ఉన్న ప్రాంగణములు. అనగా పెన్‌రోజ్ చెప్పిన వనరులే, అంకెల ముసుగు లేకుండ. లెక్కలు అబద్ధమైనను ఖాతాదారునికి అందిన ప్రోగ్రాము అబద్ధము కాదు. ఈ సంగతి గ్రహించుటయే ఆ కొనుగోలులోని తెలివి అని మా అభిప్రాయము.

కొన్నవారి పరిస్థితి కూడ చూడవలెను. టెక్ మహీంద్రా 1986లో మహీంద్రా, బ్రిటిష్ టెలికాం సంస్థల ఉమ్మడి ప్రయత్నముగా పుట్టినది. ఆనాటికి దాని రాబడిలో సగమునకు పైగా ఒక్క బ్రిటిష్ టెలికాం నుండియే వచ్చుచుండెను. ఒక్క వాన మీద ఆధారపడిన మెట్ట సేద్యము వంటి స్థితి అది. సత్యం వద్ద కర్మాగారములు, బ్యాంకులు, వైద్యరంగ సంస్థలు ఖాతాదారులుగా ఉండెను. అమెరికాలో విస్తారమైన పని ఉండెను. కనుక ఇవి రెండును ఒకే పని చేయు సంస్థలైనను ఒకే వనరులు కలవి కావు. ఒకరికి లేనిది రెండవవారికి ఉన్నది. కత్తెరకు పని తక్కువ, కుట్టుటకు పని ఎక్కువ.

క్రొత్త యజమానులు సత్యం పేరును వెంటనే తుడిచివేయలేదు. 2009 జూన్ నెలలో దానికి మహీంద్రా సత్యం అని పేరు పెట్టినారు. అంతటి అపకీర్తి పొందిన పేరును ఎందుకు ఉంచినారని ఆనాడు పెక్కుమంది ఆశ్చర్యపడిరి. కాని ఆ పేరుతో ఇరువది యేండ్లు పని చేయించుకొన్న ఖాతాదారులు ఉన్నారు, ఆ పేరు చెప్పుకొని పెండ్లి సంబంధములు కుదుర్చుకొన్న ఉద్యోగులును ఉన్నారు. వారిని పోగొట్టుకొనకుండుట ముఖ్యము.

రెండు సంస్థలను చట్టరీత్యా ఒకటి చేయుటకు నాలుగేండ్లు పట్టినది. 2008-09, 2009-10 సంవత్సరముల సవరించిన లెక్కలు 2010 సెప్టెంబరులో గాని బయటకు రాలేదు. అమెరికా వాటాదారుల వ్యాజ్యము 2011లో 12 కోట్ల 50 లక్షల డాలర్లకు పరిష్కారమైనది. 2012 మార్చిలో విలీన ప్రకటన వచ్చినది: సత్యం వాటాలు 17 ఉన్నవారికి టెక్ మహీంద్రా వాటాలు 2. ఉన్నత న్యాయస్థానము అనుమతి లభించి 2013 జూన్‌లో విలీనము పూర్తియైనది. ఈ జాగు కొంత తప్పనిసరి, వ్యాజ్యముల మురికి రెండవ ఇంటికి ప్రాకకుండ గోడ ఉండవలసి వచ్చినది. అయితే గోడ ఉన్నను తలుపు మూయలేదు. నాయకత్వము, ఖాతాదారుల వద్దకు వెళ్ళు బృందములు ఆ నాలుగేండ్లలోనే క్రమముగా కలిసి పని చేయ నేర్చుకొన్నవి.

ఫలితమేమి? 2009-10, 2010-11 రెండేండ్లును మహీంద్రా సత్యం నష్టమునే చూపినది. 2011-12లో లాభము 1,300 కోట్లు దాటినది. విలీనమైన సంస్థ 2013-14 రాబడి 18,831 కోట్లు. బ్రిటిష్ టెలికాం 2012 డిసెంబరులో తన వాటాలన్నియు అమ్ముకొని వెళ్ళిపోయినను సంస్థ తొట్రుపడలేదు. ఈ ఘనత అంతయు కలయికకే కట్టబెట్టుట న్యాయము కాదు. 2008 నాటి ప్రపంచ మాంద్యము తగ్గుముఖము పట్టినది, 2013లో రూపాయి విలువ పడిపోయి ఎగుమతిదారుల రాబడి రూపాయలలో పెరిగినది. ఈ గాలి అందరి తెరచాపలకును తగిలినది.

బహదూర్‌పల్లి ప్రాంగణము సంగతి విద్యార్థులకు ఆసక్తికరముగా ఉండును. అక్కడ 2014లో ఒక ఇంజనీరింగు కళాశాల ప్రారంభమై, 2020లో మహీంద్రా విశ్వవిద్యాలయముగా మారినది. ఒక చోటి వనరు వేరొక సేవనిచ్చుట అనగా ఇదియే.

కాని ఈ కథలో ఒక పుట మిగిలియున్నది, దానిని దాటవేయుట మాకు ఇష్టము లేదు. 2009 వేసవిలో పనిలేని వేలాది ఉద్యోగులను "వర్చువల్ పూల్" అను పేరుతో ఇంటికి పంపినారు. ఉద్యోగము తీసివేయలేదు, భవిష్యనిధి, వైద్య బీమా ఉంచినారు. జీతము మాత్రము బాగుగా తగ్గించినారు. క్రొత్త పని వచ్చినప్పుడు కొందరిని తిరిగి పిలిచినారు, కొందరు పిలుపు కొరకు చూచి చూచి వేరు దారి పట్టినారు. శాస్త్ర గ్రంథములు దీనిని వనరుల పునర్నియోగమని పిలుచును. ఇంటి అప్పు వాయిదా ప్రతి నెల ఐదవ తేదీన కట్టవలసిన యువకుని ఇంట దానికి వేరొక పేరు ఉండును. పూర్తిగా తొలగించుట కంటె ఇది మేలైన పద్ధతి అని ఒప్పుకొనవలసినదే. ఏలయన తొలగించినవానిని తిరిగి తెచ్చుకొనుట కష్టము, అతనితో పాటు ఖాతాదారుని గుట్టుమట్టులు కూడ పోవును. ఐనను సంస్థ కోలుకొన్నదను లెక్కలో ఆ నెలల ఖర్చు ఏ గడిలోను వ్రాయబడలేదు. తప్పు చేసినవారు వేరు, ఆ ఖర్చు భరించినవారు వేరు.

దీనికి ప్రతికూలమైన ఉదాహరణ ఎయిర్ ఇండియా. కాగితముపై చూచినచో ఇది సత్యం కంటెను చక్కని జోడు. ఎయిర్ ఇండియా పెద్ద బోయింగు విమానములతో విదేశములకు నడుపుచుండెను, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ విమానములతో ప్రధానముగా దేశము లోపల నడుపుచుండెను. గుంటూరు ప్రయాణికుని హైదరాబాదులో ఎక్కించి ఒకే టిక్కెట్టుపై లండనులో దింపవచ్చును గదా! యజమాని కూడ ఒక్కరే, భారత ప్రభుత్వము. 2007 ఆగస్టులో రెంటినీ కలిపినారు. అయితే అంతకు ముందే ఉభయులును విడివిడిగా అప్పులపై మొత్తము 111 విమానములకు ఆర్డరు ఇచ్చియుండిరి. ఆ భారీ కొనుగోళ్ళకు ముందే విలీనము జరిగియుండవలసినదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2011లో అభిప్రాయపడినది. 2008లో ఇంధనము ధర మండిపోయినది, ప్రైవేటు విమానములు చౌక టిక్కెట్లతో ముందుకు వచ్చినవి.

వీటిని మించిన చిక్కు మనుష్యులలో ఉండెను. ఒకే యూనిఫారము, రెండు జీతముల పట్టికలు, రెండు సీనియారిటీ జాబితాలు. రెండు పాత సంస్థల విమానములు ఒకే సంకేతాక్షరములతో ఎగురుటకు 2011 వరకు ఆగవలసి వచ్చినది. 2007 చివర స్టార్ అలయన్స్ అను ప్రపంచ విమాన సంస్థల కూటమి ఆహ్వానించినను, చేరిక 2014 జూలైలో గాని జరుగలేదు. 2011లో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన వేతనమునకై సమ్మె చేసినారు. 2012లో పూర్వపు ఎయిర్ ఇండియా పైలట్లు 58 దినములు సమ్మె చేసినారు. దాని కారణము గమనింపదగినది: క్రొత్తగా రానున్న డ్రీమ్‌లైనర్ విమానములపై రెండవ పక్షపు పైలట్లకు శిక్షణ ఇచ్చుట. యాజమాన్యము కన్నులకు ఇది ఒక చోటి నేర్పును మరియొక చోట వాడుకొనుటయే. పైలట్ కన్నులకు కమాండరు పదవి ఎన్నియేండ్లు వెనుకకు జరుగునో అను లెక్క. ఇరువురి లెక్కయు నిజమే. జస్టిస్ ధర్మాధికారి కమిటీ ఈ చిక్కులు విప్పుటకే ఏర్పడినది, కాని అది నివేదిక ఇచ్చునాటికి విలీనము జరిగి నాలుగేండ్లు గడచినవి. ఆ కమిటీ పని 2007కు ముందు జరుగవలసినది.

2012లో ప్రభుత్వము 2020-21 వరకు వాయిదాలపై 30,231 కోట్లు ఇచ్చుటకు అంగీకరించినది. తుదకు 2022 జనవరి 27న సంస్థ టాటాల చేతికి వెళ్ళినది. వారు 2024 నవంబరులో విస్తారాను దానిలో కలిపినారు. ఆ కలయికకు ముందు, అదే సంవత్సరము ఏప్రిల్‌లో, క్రొత్త జీతపు పద్ధతి నచ్చక విస్తారా పైలట్లు అలజడి చెందగా పెక్కు విమానములు రద్దైనవి. పదునేడేండ్లలో యజమాని మారినాడు, పాఠము మారలేదు.

మన హైదరాబాదు బ్యాంకు విషయము ఇంతటి కలహము లేకుండ జరిగినది. 1941లో చట్టము ద్వారా ఏర్పడి, 1942 ఏప్రిల్‌లో గన్‌ఫౌండ్రీలో వ్యవహారము ప్రారంభించిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు నిజాం రాజ్యపు ఉస్మానియా సిక్కా నిర్వహణ చూచినది. 1959 నుండి అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధము. 2017 ఏప్రిల్ 1న తక్కిన నాలుగు అనుబంధ బ్యాంకులతోను, భారతీయ మహిళా బ్యాంకుతోను కలిసి దానిలో విలీనమైనది. దాదాపు ఆరు దశాబ్దములు ఒకే గొడుగు క్రింద పని చేసినందున, లెక్కలు వ్రాయు పద్ధతి మొదలు కంప్యూటరు వ్యవస్థ వరకు చాలవరకు ఒకే మాదిరిగా ఉండెను. కలహము తక్కువగుటకు ఇదియే ముఖ్య కారణమని మా నమ్మకము. అయినను ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్న రెండు శాఖలు ఒకటైనప్పుడు, పాత శాఖలో పేరు పెట్టి పలుకరించు గుమాస్తా ఏ ఊరికి బదిలీయైనాడో తెలియక తికమకపడిన పింఛనుదారులు ఎందరో.

ఈ విలీనమే పనితీరు కొలుచుటలోని చిక్కును కూడ చూపును. 2016-17లో 10,484 కోట్ల లాభము చూపిన స్టేట్ బ్యాంకు, విలీనము తరువాతి సంవత్సరము 6,547 కోట్ల నష్టము చూపినది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి విలీనము ముంచినదని వ్రాయుట సులభము. కాని ఆ నష్టమునకు ప్రధాన కారణము మొండి బాకీలకై కేటాయింపులు పెంచుట. ఆ బాకీలు విలీనము నాడు పుట్టినవి కావు, అంతకు ముందే ఇచ్చిన అప్పులు. అట్లే టెక్ మహీంద్రా లాభమంతయు విలీన ఫలము కాదు, ఎయిర్ ఇండియా నష్టమంతయు విలీన దోషము కాదు. కలిపియుండనిచో ఏమగునో ఎవరును చూచియుండరు. పరిశోధకులు అందుచేతనే ఒక్క సంస్థను గాక వందల సంస్థలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుదురు.

ఒక్క సంస్థను చదువు విద్యార్థి మొత్తము లాభము కంటె చిన్న అంకెలను వెదకుట మేలు. మొదటి ఐదుగురు ఖాతాదారుల నుండి వచ్చు రాబడి శాతమెంత, అది యేటికేడు తగ్గుచున్నదా? సంస్థను విడిచిపోవు ఉద్యోగుల శాతమెంత? విలీనమునకై ప్రత్యేకముగా చూపిన ఖర్చు ఎన్నియేండ్లు కొనసాగినది? ఉద్యోగుల వ్యాజ్యములు పెరిగినవా? వీటిలో చాలవరకు వార్షిక నివేదికల వెనుక పుటలలో చిన్న అక్షరములలో దొరకును.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒకటి. కంపెనీల వార్షిక నివేదికలు ఎవరికైనను ఉచితముగా లభించును. టెక్ మహీంద్రా, మహీంద్రా సత్యం సంస్థల 2009 నుండి 2014 వరకు గల నివేదికలను, స్టేట్ బ్యాంకు 2016 నుండి 2019 వరకు గల నివేదికలను అచ్చు తీయించి, బైండు చేయించి గ్రంథాలయములోని వాణిజ్య విభాగమున ఉంచినచో, బి.కాం. తుది సంవత్సరము విద్యార్థులు గైడు పుస్తకములోని ఊహా కంపెనీలకు బదులు నిజమైన లెక్కలపై పని చేయగలరు. ఖర్చు కాగితము, బైండింగు మాత్రమే.